గుండె దడ ఎందుకు వస్తుంది?

జీడి తోటలో అలికిడి

ఉద్దానం అంటే తోటల సీమ. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ చెట్ల నీడలోనే ఎందరో ఆడవాళ్ళ బతుకు గడుస్తుంది.

ఎండాకాలం. జీడిపళ్ళు రాలే రోజులు. ఒకామె తెల్లారకముందే పిక్కలు ఏరడానికి తోటకు వెళ్ళిందనుకుందాం. ఇంకా మసక చీకటి. ఎదురుగా ఏదో నల్లగా కనిపించింది. పక్కన పొద కదిలింది. ఆమె గుండె గుభేలుమంది. చేతిలోని గంప జారి కింద పడింది. నోరు ఎండిపోయింది. ఒళ్ళంతా చెమట పట్టింది. పరుగెత్తుదామంటే కాళ్ళు కదలలేదు.

కాసేపటికి తేరిపార చూసింది. అది ఎలుగుబంటి కాదు. తుపానుకు విరిగి, తర్వాత కాలిపోయిన చెట్టు మోడు. పొద గాలికి కదిలింది.

"ఓలమ్మో! మోడును సూసి ఇంత బెదిరిపోయాను" అని నవ్వుకుంది. నవ్వింది కాని గుండె దడ మాత్రం వెంటనే ఆగలేదు. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

ఆమెను చూసి ఎవరూ నవ్వనక్కరలేదు. ఆ భయం ఊరికే రాలేదు. అక్కడి ఎలుగుబంట్లు జీడిపళ్ళ కోసం, పనసపళ్ళ కోసం తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు. పలువురు గాయపడ్డారు. ఇలాంటి చోట మోడును చూసి ఎలుగు అనుకుంటే పోయేదేమీ లేదు. ఎలుగును చూసి మోడు అనుకుంటే ప్రాణమే పోతుంది. మెదడుకు ఈ లెక్క బాగా తెలుసు.

అయితే ఈ లెక్క వేసేది ఎవరు? మోడు అని తెలిశాక కూడా దడ ఎందుకు ఆగలేదు?

బాదం గింజంత కాపలాదారు

మన మెదడు బరువు కేజీన్నర లోపే. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబుర్లు వెళుతుంటాయి. ఒకే పని చేసే కణాలు కలిసి ఒక దారి ఏర్పరుస్తాయి. ఇంట్లో కరెంటు తీగలు చూడండి. ఒక లైను దీపానికి, ఒక లైను ఫ్యానుకు ఉంటుంది. మెదడులో కూడా చూపుకు ఒక దారి, మాటకు ఒక దారి ఉన్నాయి. భయానికీ ఒక దారి ఉంది.

ఈ దారిలో ముఖ్యమైన కూడలి పేరు అమిగ్డలా. గ్రీకు భాషలో ఈ మాటకు అర్థం బాదం గింజ. చూడడానికి అలాగే ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో రోజూ గుండును, బద్దను వేరుచేసే ఆడవాళ్ళు చూస్తే దానికి ఇంకో పేరు పెట్టి ఉండేవాళ్ళేమో! ఇవి రెండు ఉంటాయి. కుడి కణత లోపల ఒకటి, ఎడమ కణత లోపల ఒకటి.

కన్ను చూసింది, చెవి విన్నది మెదడు లోపలికి రెండు దారుల్లో వెళుతుంది. ఒకటి అడ్డదారి. అది నేరుగా అమిగ్డలాకు పోతుంది. రెండోది పెద్దదారి. అది మెదడు పైపొరల గుండా చుట్టూ తిరిగి వస్తుంది. పెద్దదారిలో పరిశీలన జరుగుతుంది. "అది నల్లగా ఉందా? కదులుతోందా? కాళ్ళున్నాయా?" అని చూసి తేల్చుకోవడం అక్కడి పని. దానికి కొంత సమయం పడుతుంది. అడ్డదారిలో పరిశీలన ఉండదు. వేగం మాత్రం ఉంటుంది. కబురు అందగానే అమిగ్డలా గంట కొట్టేస్తుంది.

జోసెఫ్ లెడూ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకల మీద చాలా ఏళ్ళు పరిశోధన చేసి ఈ రెండు దారుల సంగతి చెప్పాడు. ఎలుకకు ఒక శబ్దం వినిపించి, వెంటనే చిన్న కరెంటు షాకు ఇచ్చేవారు. కొన్నిసార్లు అలా చేశాక షాకు ఇవ్వకపోయినా, శబ్దం వినగానే ఎలుక కొయ్యబారిపోయేది. 1996లో ఆయన ఈ విషయాల మీద ఒక పుస్తకం రాశాడు. చీకట్లో తాడును చూసి పామని ఉలిక్కిపడడం మన పెద్దలు ఏనాడో చెప్పిన సంగతే. అలా ఎందుకు జరుగుతుందో లోపలి తీగలు చూపించి చెప్పింది ఈ శాస్త్రవేత్తలు.

కాళ్ళు కదలకపోవడం కూడా పిరికితనం కాదు. అమిగ్డలా నుంచి మెదడు కింది భాగానికి ఒక కబురు వెళుతుంది. ఒళ్ళు కొయ్యబారుతుంది. కదిలే దాని మీదే చాలా జంతువుల చూపు పడుతుంది. కదలని ప్రాణి కంటబడకుండా తప్పించుకోవచ్చు. లక్షల ఏళ్ళ నాటి ఈ ఉపాయం ఇంకా మన ఒంట్లో ఉంది. ఆపద వచ్చినప్పుడు అరవలేకపోయిన ఆడపిల్లను "ఎందుకు అరవలేదు?" అని నిలదీసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

కిడ్నీల మీద టోపీలు

అమిగ్డలా గంట కొట్టాక ఏం జరుగుతుంది? మెదడు నరాల ద్వారా కిందికి కబురు పంపుతుంది. ఆ కబురు అందుకునే వాటిలో అడ్రినల్ గ్రంథులు ముఖ్యం. ఇవి ఎక్కడ ఉంటాయో తెలుసా? రెండు కిడ్నీల మీద, రెండు చిన్న టోపీల్లా కూర్చుని ఉంటాయి. ఉద్దానంలో కిడ్నీ అంటే తెలియనివాళ్ళు లేరు. దాని మీది టోపీ సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఈ గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే రసం రక్తంలోకి వస్తుంది. దాంతో గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి జోరందుకుంటుంది. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కాళ్ళకు, చేతులకు రక్తం ఎక్కువగా పారుతుంది. కంటిపాప పెద్దదవుతుంది. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఇవన్నీ పరుగెత్తడానికో, ఎదురు తిరగడానికో ఒంటిని సిద్ధం చేసే పనులు. ఆ సమయంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కాబట్టి కడుపు పని మందగిస్తుంది. నోరు ఎండుతుంది.

రక్తంలో కలిసిన రసం మాయం కావడానికి కొంత సమయం పడుతుంది. అందుకే మోడు అని తెలిశాక కూడా దడ వెంటనే ఆగదు. పొయ్యిలో కట్టె తీసేసినా పాలు కాసేపు పొంగుతాయి కదా, అదే తీరు.

ఇంకొక రసం కూడా ఉంది. దాని పేరు కార్టిసాల్. అది నెమ్మదిగా వస్తుంది. ఎక్కువ సేపు ఉంటుంది. ఆపద కాసేపటిదైతే అది మేలే చేస్తుంది. నెలల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది. నీరసం వస్తుంది. జ్ఞాపకం తగ్గుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. టోపీ కిడ్నీ మీద ఉన్నంత మాత్రాన, భయపడితే కిడ్నీ పాడవుతుందని అనుకోకూడదు. గ్రంథి పని వేరు, కిడ్నీ పని వేరు.

గాలి పేరు సీతాకోకచిలుక

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తిత్లీ అంటే హిందీ, ఉర్దూ భాషల్లో సీతాకోకచిలుక అని అర్థం. పేరు ఎంత సుకుమారం! అది చేసిన పని మాత్రం ఉద్దానం మరచిపోలేదు. తాతల నాటి కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. జీడి చెట్లు విరిగిపోయాయి. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఆ ఒక్క తెల్లవారుజాము చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగింది.

తుపాను పోయింది. కాని గాలి కొంచెం ఈల వేసినట్టు వీస్తే చాలు, తీరంలో కొందరు ఆడవాళ్ళు ఇప్పటికీ లేచి కూర్చుంటారు. పిల్లలను దగ్గరకు లాక్కుంటారు. ఎందుకిలా?

ఎలుక సంగతి గుర్తు తెచ్చుకోండి. శబ్దం, షాకు రెండూ కలిసి వస్తే మెదడు రెంటినీ ముడి వేస్తుంది. ఆ రాత్రి గాలి ఈలా, ప్రాణభయమూ కలిసి వచ్చాయి. అమిగ్డలా రెంటినీ ముడి వేసింది. మామూలు పాఠం నేర్చుకోవడానికి నాలుగుసార్లు చదవాలి. ప్రాణభయం నేర్పిన పాఠం ఒక్కసారికే వస్తుంది.

అమిగ్డలా వెనకే ఇంకొక భాగం ఉంది. దాని పేరు హిప్పోకాంపస్. గ్రీకులో సముద్రపు గుర్రం అని అర్థం. నిజంగానే ఆ చేపలా వంపు తిరిగి ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ పరిస్థితిలో అన్న వివరాలు దాచేది ఇదే. "అది తుపాను రాత్రి. ఇది మామూలు వానగాలి. ఇప్పుడు ఇంటికి పక్కా కప్పు ఉంది" అని తేడా చెప్పాల్సింది ఈ సముద్రపు గుర్రమే. మనిషి బాగా అలిసిపోయినా, నిద్ర లేకపోయినా, ఒంట్లో కార్టిసాల్ ఎక్కువైనా ఇది సరిగా పని చేయలేదు. అప్పుడు ప్రతి గాలీ తిత్లీ గాలిలాగే వినిపిస్తుంది.

భయం తెలియని మనిషి

భయమే లేకపోతే ఎంత బాగుండును అనిపిస్తుంది. అమెరికాలో అలాంటి ఒక స్త్రీ ఉంది. చాలా అరుదైన జబ్బు వల్ల ఆమె అమిగ్డలాలు రెండూ పాడైపోయాయి. 1994లో శాస్త్రవేత్తలు ఆమె గురించి రాశారు. ఆమె పాములను ముట్టుకోవడానికి ముందుకు వెళ్ళేది. భయపెట్టే సినిమాలు చూపినా బెదరలేదు. ఎదుటివాళ్ళ ముఖంలో భయం కనిపిస్తే ఆమె దాన్ని సరిగా గుర్తుపట్టలేదు. ఇంత ధైర్యం వల్ల ఆమె సుఖపడిందా? లేదు. ఎవరు చెడ్డవాళ్ళో, ఎక్కడ ప్రమాదమో తెలియక ఎన్నోసార్లు ఆపదలో పడింది.

విచిత్రం ఏమిటంటే, 2013లో ప్రకటించిన ఒక పరీక్షలో బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలి పీల్చినప్పుడు ఆమె కూడా విపరీతంగా భయపడింది. ఊపిరి ఆడకపోతే పుట్టే భయానికి ఇంకో దారి ఉందన్నమాట. భయం అంతా ఒక్క బాదం గింజలోనే లేదు. చాలా భాగాలు కలిసి చేసే పని అది.

భయం వేరు, ఆందోళన వేరు

ఎలుగు ఎదురుగా ఉంది. అది భయం. ఎలుగు వెళ్ళిపోతే అదీ పోతుంది. మరి ఎదురుగా ఏమీ లేకపోయినా, ఏదో జరుగుతుందేమో అని రోజంతా గుండెలో రాయి పెట్టినట్టు ఉండడం? దాన్ని ఆందోళన అంటాం. దిగులు, బెంగ, గాబరా అని కూడా అంటాం.

వచ్చేది ఏమిటో, ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు అమిగ్డలా, దాని పక్కనున్న కొన్ని భాగాలు కలిసి ఎడతెగకుండా కాపలా కాస్తాయి. రాత్రంతా వీధికుక్క మొరుగుతూనే ఉంటే ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? ఇదీ అంతే. ఆందోళన జబ్బులు మగవారిలో కన్నా ఆడవారిలో సుమారు రెండు రెట్లు ఎక్కువ.

ఉద్దానంలో ఈ ఆందోళనకు ఒక పేరుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాని ముసలమ్మ కూడా ఆ పేరు చెబుతుంది. క్రియాటినిన్.

ఉద్దానం మండలాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఎందరినో తినేసింది. షుగరు లేనివాళ్ళకు, బి.పి. లేనివాళ్ళకు కూడా వచ్చింది. ఇదే కారణం అని ఒక్కదాన్ని ఇంకా తేల్చలేదు. పలాస, సోంపేట, కవిటిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇవన్నీ మంచివే. కాని పరీక్షకు చేయి చాపడానికే భయపడే మనిషికి ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నా దూరమే.

పార్వతమ్మ ఎందుకు తోటకు వెళ్ళిపోయింది?

అలాంటి ఒకామెకు పార్వతమ్మ అని పేరు పెట్టుకుందాం. వయసు 45. ఆమె మరిది డయాలసిస్ చేయించుకుంటూ చనిపోయాడు. ఊరికి మూడుసార్లు రక్త పరీక్షలవాళ్ళు వచ్చారు. మూడుసార్లూ ఆమె పొద్దున్నే తోటకు వెళ్ళిపోయింది. నాలుగోసారి ఆశా కార్యకర్త ముందురోజు సాయంత్రమే ఇంటికి వచ్చింది.

"పిన్నీ, రేపైనా రక్తం ఇస్తావా?"

"నాకేటయింది అమ్మీ? పని సేసుకుంటన్నాను, తింటన్నాను. నొప్పి నేదు, గిప్పి నేదు."

"ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు పిన్నీ. అందుకే పరీక్ష."

"సూస్తే ఏదో ఒకటి బయటపడతాది. మా మరిదీ అంతే. కాగితం సూసిన కాడ నుంచి ముద్ద ముట్టనేదు."

"కాగితం లేకుండానే నువ్వు సరిగా తింటున్నావా?"

పార్వతమ్మ మాట్లాడలేదు. కొంగుతో గుమ్మం దుమ్ము తుడిచింది.

"రేత్రి నిద్దరట్టదు" అంది చివరికి. "తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. కొట్టులో బిళ్ళ తెచ్చుకుని ఏసుకుంటన్నాను."

"రోజూనా?"

"రోజూ."

ఆశా కార్యకర్త ఉలిక్కిపడింది. ఎందుకంటే కొట్టులో కొని వేసుకునే చాలా రకాల నొప్పి బిళ్ళలు ఎక్కువ వాడితే కిడ్నీకి చేటు. కిడ్నీ జబ్బు వస్తుందన్న దిగులుతో నిద్ర పోయింది. నిద్ర లేక తలనొప్పి వచ్చింది. తలనొప్పికి వేసుకున్న బిళ్ళ కిడ్నీ మీద పడుతోంది. దిగులు నేరుగా కిడ్నీని ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి ఇంకో గుమ్మంలోంచి వచ్చింది.

మూడుసార్లు తోటకు వెళ్ళిపోవడం కూడా మెదడు చేయించిన పనే. పరీక్ష అనగానే గుండె దడ. తోటకు వెళ్ళిపోగానే దడ తగ్గింది. ఒళ్ళు తేలికైంది. ఆ తేలికే మెదడు ఇచ్చిన కూలి. కూలి దొరికే పనికి ఎవరైనా మళ్ళీ వెళతారు కదా! అలా తప్పించుకున్న ప్రతిసారీ "తప్పించుకుంటేనే క్షేమం" అన్న పాఠం గట్టిపడుతుంది. తర్వాతిసారి భయం ఇంకా పెరుగుతుంది. పరీక్షలో ఏముందో మాత్రం తెలియదు. తెలియకపోతే ఆందోళన ఆగదు.

నుదుటి వెనక పెద్దమనిషి

భయాన్ని అదుపు చేసే భాగం కూడా మెదడులోనే ఉంది. అది సరిగ్గా నుదుటి వెనక ఉంటుంది. ఆలోచించడం, తూచడం, ఆగు అని చెప్పడం దాని పని. అక్కడి నుంచి అమిగ్డలాకు దారి ఉంది. ఆ దారి బలపడితే "సరేలే, ఇక గంట ఆపు" అని చెప్పగలదు.

అయితే పాత భయం పలక మీద అక్షరంలా చెరిగిపోదు. దాని పక్కనే కొత్త పాఠం రాయాలి. గంట వినిపించినా షాకు రాలేదని ఎలుకకు ఎన్నోసార్లు తెలిస్తే అది కొయ్యబారడం మానేస్తుంది. పాత ముడి లోపల ఉంటుంది. కొత్త పాఠం దాన్ని అణచి ఉంచుతుంది. అందుకే బాగా తగ్గిన భయం కూడా ఒక్కోసారి మళ్ళీ తలెత్తుతుంది. అంతమాత్రాన చేసిందంతా వృథా అయినట్టు కాదు.

కొత్త పాఠం మాటలతో రాదు. "భయపడకు" అని వందసార్లు చెప్పినా అమిగ్డలా వినదు. అది చూసి నేర్చుకుంటుంది. కాబట్టి భయపడే దాని దగ్గరకు కొంచెం కొంచెంగా వెళ్ళాలి. ఆశా కార్యకర్త ఆ సంగతి గ్రహించింది.

"రేపు రక్తం ఇయ్యొద్దు పిన్నీ. ఊరికే వచ్చి నా పక్కన కూర్చో. ఎవరు ఏం చేస్తున్నారో చూడు. నచ్చకపోతే లేచి వచ్చెయ్."

పార్వతమ్మ మర్నాడు వచ్చింది. ఒక్కతే రాలేదు. పక్కింటి వదినను తోడు తెచ్చుకుంది. తోడు సంగతి మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2006లో అమెరికాలో 16 మంది పెళ్ళైన స్త్రీలకు కాలికి చిన్న షాకు తగలవచ్చని చెప్పి, మెదడును యంత్రంతో చూశారు. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో అలజడి ఎక్కువగా ఉంది. ఎవరో తెలియని మనిషి చేయి పట్టుకుంటే కొంచెం తగ్గింది. భర్త చేయి పట్టుకుంటే ఇంకా తగ్గింది. కాపురం సఖ్యంగా ఉన్నవాళ్ళకు మరీ బాగా తగ్గింది! పార్వతమ్మ పట్టుకున్నది వదిన చేయి. అదీ పనికొచ్చింది.

ఒక గంట కూర్చున్నారు. మొదట దడ పెరిగింది. తర్వాత దానంతట అదే తగ్గింది. దడ ఎప్పుడూ పైకి పోతూనే ఉండదు. పారిపోకుండా కూర్చుంటే అది దిగడం మనమే చూస్తాం.

ఊపిరి వల్ల కూడా కొంత మేలుంది. గుండెను, కడుపును మనం చెప్పి ఆపలేం. ఊపిరిని మాత్రం ఆపగలం, వదలగలం. లోపలికి మెల్లగా పీల్చి, అంతకన్నా మెల్లగా బయటికి వదలాలి. ఊపిరి నిదానంగా వదిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే ఒక పెద్ద నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయిదు నిమిషాలు చేస్తే చాలు.

నోటు బుక్కులో రాసిన భయం

ఇంకొక ఉపాయం అక్షరాలు నేర్చుకున్నవాళ్ళకు ప్రత్యేకంగా పనికొస్తుంది. 2007లో అమెరికాలో కొందరికి కోపం, భయం నిండిన ముఖాల బొమ్మలు చూపించారు. ఊరికే చూస్తే అమిగ్డలా చురుగ్గా పని చేసింది. ఆ ముఖంలో ఉన్నది కోపమా, భయమా అని మాటతో గుర్తించమంటే అమిగ్డలా పని తగ్గింది. నుదుటి వెనక ఒక భాగం పని పెరిగింది. పేరు పెట్టడంతోనే కొంత అదుపు వచ్చిందన్నమాట.

పార్వతమ్మ రాత్రిబడి నోటు బుక్కు తీసింది. వంకర అక్షరాలతో ఇలా రాసింది: "నాకు కిడ్నీ జబ్బు వస్తాదని బయం. పిల్ల పెళ్ళి అవ్వనేదు." భయం అన్న మాటలో వత్తు పోయింది. పోతే పోయింది, మాట మాత్రం సరైనదే. దాని కింద డాక్టరును అడగాల్సినవి మూడు రాసుకుంది. నొప్పి బిళ్ళ మానేస్తే తలనొప్పికి ఏం చేయాలి? నీళ్ళు ఎన్ని తాగాలి? అంకె ఎక్కువ వస్తే వెంటనే డయాలసిస్సేనా?

మూడో ప్రశ్నకు జవాబు తెలిస్తేనే సగం దిగులు తీరేది. అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన డయాలసిస్ కాదు. జబ్బుకు దశలు ఉంటాయి. మొదటి దశల్లో తెలిస్తే బి.పి. అదుపులో పెట్టుకుని, నొప్పి బిళ్ళలు మాని, డాక్టరు చెప్పిన మందులు వాడుతూ జబ్బు ముదరడాన్ని చాలామందిలో నెమ్మది చేయవచ్చు. మరిది ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి జబ్బు చివరి దశలో ఉంది. ఆయన్ని మింగింది కాగితం కాదు, ఆలస్యం.

రెండోరోజు పార్వతమ్మ రక్తం, మూత్రం రెండూ ఇచ్చింది. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. బి.పి. మాత్రం ఎక్కువగా ఉంది. రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. నిద్ర ఒక్కరోజులో రాలేదు. రెండు వారాలు పట్టింది. గాలి ఈల వేసిన రాత్రులు ఇప్పటికీ ఆమెకు మెలకువ వస్తుంది.

గాలి సోకిందా?

కొందరికి ఉన్నట్టుండి గుండె దడ, చెమట, ఊపిరి ఆడకపోవడం, చచ్చిపోతానేమో అనిపించడం వస్తాయి. పది నిమిషాల్లో తారాస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోతాయి. ఎదురుగా ఎలుగూ ఉండదు, తుపానూ ఉండదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు. కొన్నిచోట్ల వేపమండలతో కొడతారు కూడా. సోకింది గాలి కాదు. కారణం లేకుండా మెదడులో గంట మోగింది. దీన్ని తీవ్ర భయపు దాడి అంటారు. కొట్టడం వల్ల భయం పెరుగుతుందే కాని తగ్గదు.

అయితే మొదటిసారి ఇలా వచ్చినప్పుడు భయమేలే అని ఇంట్లో కూర్చోకూడదు. గుండె జబ్బుకూ ఇలాంటి లక్షణాలే ఉండవచ్చు. ముఖ్యంగా ఛాతీ నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకితే వెంటనే 108కి ఫోను చేసి పలాస, టెక్కలి, ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి వెళ్ళాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది. ఇవేవీ కావని డాక్టరు చెప్పాక మనసు సంగతి చూడాలి.

దిగులు వారాల తరబడి ఉండి, తిండి, నిద్ర, పని చెడిపోతే అది వైద్యం కావాల్సిన స్థితి. దీనికి మాట్లాడి చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి. మందులు కొన్ని వారాలు వాడాక గుణం తెలుస్తుంది. తగ్గిందని మధ్యలో సొంతంగా మానకూడదు. కొట్టులో నిద్రబిళ్ళలు కొని వేసుకోకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడినా ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరు నుంచి దేశమంతటా టెలి మానస్ అనే ఫోను సాయం ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కరలేదు. రాత్రీ పగలూ పని చేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.